ఆగ్రా పారా కోర్సుకు బెజవాడ, గుంటూరుల్లో సిద్ధం కావడం: కిట్ లేనప్పుడు ఏది సర్దుకోవచ్చు, ఏది కూడదు

పారాచూట్‌తో దూకడం నేర్పే పారా బేసిక్ కోర్సుకు పేరు వెళ్లిన ఎన్‌సీసీ క్యాడెట్‌కైనా, బెంగళూరులోని పారాచూట్ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్ మీదుగా ఆగ్రా చేరబోయే అగ్నివీర్‌కైనా మొదట తగిలే చిక్కు ఒకటే. శిక్షణ జరిగేది ఆగ్రాలో, ఒళ్లు సిద్ధం చేసుకోవాల్సింది ఇక్కడ. మన ఊళ్లో జంప్ టవర్ ఉండదు, దొర్లే సాధనకు (రోల్స్‌కు) మ్యాట్ ఉండదు, వేలాడి సాధన చేసే హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) ఉండదు. చాలామందికి చీలమండ దాటే బూట్లు కూడా ఉండవు. అవన్నీ లేకపోయినా 8 వారాల్లో బాగా సిద్ధం కావచ్చు. ఏ వస్తువు ఏ పని కోసం ఉందో తెలిస్తే, దాని బదులు దేన్ని వాడొచ్చో, దేని జోలికి అసలు పోకూడదో కూడా తెలుస్తుంది.

ముందు జాబితాను విడదీయండి

మీ బెటాలియన్ ఇచ్చే జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్స్‌లో కిట్ జాబితా ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టుకుని ప్రతి వస్తువు పక్కనా మూడింట్లో ఒక గుర్తు పెట్టండి.

మొదటి గుర్తు, ఆగ్రాలోని శిక్షణ స్కూలే ఇచ్చేవి: ప్రధాన పారాచూట్, రిజర్వ్ పారాచూట్, హార్నెస్, స్టాటిక్ లైన్ (పారాచూట్‌ను లాగి తెరిచే పట్టీ), పారా హెల్మెట్. వీటి గురించి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి, ఒక్క గంట దిగులు పడకండి. వీటికి నకళ్లు తయారుచేసే ప్రయత్నం అసలే వద్దు.

రెండో గుర్తు, మీరే తీసుకెళ్లాల్సినవి: బూట్లు, కాన్వాస్ షూస్, మేజోళ్లు, యూనిఫాం, చలి బట్టలు, దోమతెర, పళ్లెం, మగ్గు, సూదీదారం, కాగితాలు. ఇందులో బూట్లు తప్ప మిగతావన్నీ ఒక్క పూటలో కొనుక్కునేవే.

మూడో గుర్తు, సాధన సామగ్రి: మ్యాట్, ఎత్తు బల్ల, లిఫ్ట్ వెబ్‌లు (హార్నెస్‌ను పారాచూట్ తాళ్లకు కలిపే, తల పైన పట్టుకునే పట్టీలు), విమానం తలుపు నమూనా. వీటిని ఇక్కడే చేసుకోవచ్చు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వీటి గురించే.

మీరు నేలను తాకే వేగం

ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్‌ను భారత వైమానిక దళం నడుపుతుంది. దాని మూలం 1941లో ఢిల్లీ విల్లింగ్డన్ విమానాశ్రయంలో మొదలైన ఎయిర్ ల్యాండింగ్ స్కూల్. తర్వాత అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న చక్లాలాకు, దేశ విభజన తర్వాత ఆగ్రాకు మారింది. దూకేది ఎక్కువగా ఏఎన్-32 రవాణా విమానం నుంచి, దిగేది మల్పురా డ్రాప్ జోన్‌లో (పారాచూట్‌తో దిగే మైదానంలో). ఆర్మీ వారికి వింగ్స్ (పారా బ్యాడ్జీ) రావాలంటే ఐదు జంపులు పూర్తి చేయాలి, అందులో ఒకటి రాత్రి పూట.

శిక్షణ జంపు సుమారు 1250 అడుగుల ఎత్తు నుంచి ఉంటుంది. అంటే 380 మీటర్లు. స్టాటిక్ లైన్ పారాచూట్‌ను మీరు తెరవరు. విమానానికి తగిలించిన పట్టీ దాన్ని లాగి తెరుస్తుంది. గుండ్రటి గొడుగు కింద మనిషి సెకనుకు 5 నుంచి 6 మీటర్ల వేగంతో దిగుతాడు. తెరుచుకున్నప్పటి నుంచి నేల చేరేదాకా దాదాపు ఒక నిమిషం.

సెకనుకు 5 మీటర్లంటే నాలుగడుగుల పైచిలుకు గోడ మీంచి దూకినంత, 6 మీటర్లంటే ఆరడుగుల గోడ మీంచి దూకినంత దెబ్బ. దీనికి గాలి తోడవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి మిమ్మల్ని పక్కకు నెడుతుంటే కలిపి తగిలే వేగం 7 మీటర్లు దాటుతుంది. ఈ దెబ్బ మొత్తాన్ని కాళ్లతో నిలబడి ఆపబోతే చీలమండో మోకాలో పోతుంది. అందుకే పక్కకు దొర్లుతూ దెబ్బను ఒంటి పొడవునా పంచుతారు. ల్యాండింగ్ రోల్ అంటే అదే. పారాచూట్ దెబ్బల్లో ముందు వరసలో ఉండేది చీలమండే కాబట్టి సాధనలో సగం సమయం దానికే కేటాయించండి.

ఈ లెక్క విని కొందరు, "అయితే ఆరడుగుల గోడ మీంచి దూకి అలవాటు చేసుకుంటే పోలా" అనుకుంటారు. వద్దు. స్కూల్లో ఆ ఎత్తుకు మెట్టు మెట్టుగా తీసుకెళ్తారు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, కింద సరైన మ్యాట్ ఉంటుంది. ఇంటి దగ్గర 2 అడుగులు దాటకండి. 2 అడుగుల నుంచి దూకినా సెకనుకు మూడున్నర మీటర్ల వేగం వస్తుంది, రోల్ అలవాటు కావడానికి అది చాలు. ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వంతెన మీంచి దూకడం ఈ సాధన కిందకి రాదు. నీళ్లలో పడటం నేల మీద పడటాన్ని నేర్పదు, పైగా కాలువ అడుగున ఏముందో పైకి కనపడదు.

బూట్లు: ముందుగా తేల్చాల్సిన పని

కిట్‌లో ఏది ఆలస్యమైనా పర్వాలేదు, బూట్లు కాకూడదు. కొత్త బూటు కాలికి అలవాటు పడటానికి 5, 6 వారాలు పడుతుంది. వారం ముందు కొన్న బూట్లతో ఆగ్రా వెళ్తే మూడో రోజుకి మడమ మీద బొబ్బ, ఐదో రోజుకి కుంటి నడక, ఆ పైన సిక్ రిపోర్ట్.

ముందు మీ యూనిట్ స్టోర్‌లో అడగండి. ఇచ్చే బూటు మీ సైజు కాకపోతే, "సర్దుకుంటాలే" అని తీసుకోకండి. ఒక సైజు పెద్దదైతే లోపల మడమ లేస్తుంది. దిగేటప్పుడు పాదం బూటులో పక్కకు జారుతుంది, చీలమండ మెలిపడేది అక్కడే. రెండు జతల మేజోళ్లు వేస్తే ఖాళీ నిండినట్టు అనిపిస్తుంది గానీ మడమ పట్టు రాదు. సీనియర్ వాడిన బూట్లు తీసుకోవడంలోనూ అదే ఇబ్బంది. వాళ్ల నడకకు తగ్గట్టు సోలు ఒక వైపు అరిగి ఉంటుంది. తీసుకోక తప్పకపోతే బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. మడమ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఆ జత వదిలేయండి.

కొనేటట్టయితే విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు, వన్ టౌన్ వైపు, గుంటూరులో పట్నం బజారు వైపు నాలుగు షాపులు తిరగండి. సాయంత్రం వెళ్లండి. పొద్దుటి కంటే అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, ఆ కొలతే సరైనది. ఆగ్రాలో వేసుకోబోయే మందపాటి మేజోళ్లతోనే వేసి చూడండి. ఇవి గమనించండి:

- బూటు పైభాగం చీలమండ ఎముక మీద కనీసం నాలుగు వేళ్ల ఎత్తుకు రావాలి.
- నిలబడినప్పుడు పెద్ద వేలి ముందు చేతి బొటనవేలి మందం ఖాళీ ఉండాలి. షాపు మెట్లు దిగితే వేళ్లు ముందు తోలుకు కొట్టుకోకూడదు.
- మునివేళ్ల మీద లేచినప్పుడు మడమ బూటును వదలకూడదు.
- లేసులకు రంధ్రాలే ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన ఇనప హుక్కులున్న బూట్లు పారాచూట్ తాళ్లకు తగులుకుంటాయి. హుక్కులున్నవి తప్ప దొరక్కపోతే వాటి మీద గుడ్డ టేపు చుట్టాలి.
- ముందు భాగంలో ఇనుప రేకున్న ఫ్యాక్టరీ సేఫ్టీ బూట్లు వద్దు. అవి బరువు, వంగవు.
- సోలు అచ్చుపోసిందో కుట్టిందో అయి ఉండాలి. జిగురుతో అంటించిన చవక సోలు మన ఎండలకే ఊడుతుంది.

మొదటి వారం ఇంట్లోనే రోజుకు గంట, రెండో వారం 2 కిలోమీటర్ల నడక, మూడో వారం 4 కిలోమీటర్లు, నాలుగో వారం నుంచి నడక మధ్యలో కొద్ది పరుగు. ఎర్రబడిన చోట బొబ్బ రాకముందే గుడ్డ టేపు అంటించండి. లేసు కొసలు బయట వేలాడకుండా బూటు లోపలికి దోపడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

బూట్లు రావడానికి ఆలస్యమవుతుంటే ఈలోపు చీలమండ వ్యాయామాలు, నేల మీది రోల్స్ కాన్వాస్ షూస్‌తో చేయొచ్చు. బల్ల మీంచి దూకడం మాత్రం బూట్లు వచ్చేదాకా ఆపండి.

చీలమండ, మోకాలు, మెడ

దీనికి ఏ సామగ్రీ అక్కర్లేదు. మొదటి రెండు వారాలు రోల్స్ జోలికి వెళ్లకుండా ఇవే చేయండి, తర్వాత చివరి దాకా వారానికి నాలుగు రోజులు కొనసాగించండి.

మెట్టు అంచు మీద మునివేళ్లతో నిలబడి మడమలు పైకి, కిందికి: 15 చొప్పున మూడు సార్లు. కిందికి దించేటప్పుడు మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించాలి, బలం వచ్చేది అక్కడే. ఒంటి కాలి మీద 30 సెకన్లు నిలబడటం, ఒక్కో కాలికి మూడు సార్లు. అది తేలికయ్యాక కళ్లు మూసుకుని చేయండి. ఇది చూడటానికి చిన్న పనే గానీ, ఎగుడుదిగుడు నేల మీద పాదం పడ్డప్పుడు క్షణంలో సర్దుకునే శక్తి దీని వల్లే వస్తుంది.

గోడకు వీపు ఆనించి కుర్చీ వేసినట్టు 45 సెకన్లు, మూడు సార్లు. గుంజిళ్లు 20 చొప్పున మూడు సార్లు, మోకాళ్లు రెండూ కలిసే ఉండాలి. మామూలు గుంజిళ్లలో కాళ్లు ఎడంగా ఉంటాయి. పారాలో అన్ని చోట్లా మోకాళ్లు అంటుకునే ఉండాలి కాబట్టి వ్యాయామంలోనూ అలాగే చేయండి.

మెడను చాలామంది మరిచిపోతారు. పారాచూట్ తెరుచుకునేటప్పటి కుదుపుకీ, రోల్‌లో తల వెనక్కి కొట్టుకోకుండా ఆపడానికీ మెడే ఆధారం. అరచేతిని నుదుటికి ఆనించి తలతో నెట్టండి, తల కదలకూడదు. 10 సెకన్లు చొప్పున ఐదు సార్లు. అలాగే వెనక, రెండు పక్కలా. హెల్మెట్ లేదని బైక్ హెల్మెట్ పెట్టుకుని రోల్స్ చేసేవాళ్లున్నారు. దాని బరువూ, ముందుకొచ్చే దాని గడ్డం భాగమూ కలిసి మెడను మెలిపెడతాయి. అది వద్దు. మెత్తటి చోట ఉత్త తలతో, గడ్డం ఛాతీకి ఆనించి చేయడమే మేలు.

పరుగుకు విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం చాలు. మెట్ల సాధనకు మంగళగిరి కొండ మెట్లు బావుంటాయి. ఎక్కడం పరుగుగా, దిగడం నడకగా. బూట్లతో మెట్లు దిగేటప్పుడు పరుగెత్తితే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది, అది నెల రోజులు వదలదు. ఎండాకాలంలో పొద్దున 5 నుంచి ఆరున్నర లోపే ముగించండి. చెమట బాగా పట్టిన రోజున ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మరసమో తాగాలి, ఉత్త నీళ్లు చాలవు.

మ్యాట్ లేకుండా ల్యాండింగ్ రోల్

ముందు దిగే చోటు. మెత్తగా ఉంటే చాలనుకుని మంచం మీది పరుపు తెచ్చి వేస్తారు. పది అంగుళాల స్పాంజి పరుపులో పాదం దిగబడిపోతుంది, పై ఒళ్లు పక్కకు పోతుంది, చీలమండ మధ్యలో నలుగుతుంది. కావాల్సింది గట్టిగా ఉంటూ కొద్దిగా అణిగే నేల. మన దగ్గర దొరికేవి ఇవి.

ఇసుక గుంట అన్నిటికంటే మంచిది. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అర అడుగు లోతు చాలు. దీనికి 24 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది, బరువులో టన్ను పైచిలుకు. నలుగురు కలిసి తెప్పించుకుంటే భారం కాదు. జల్లెడ పట్టి రాళ్లు, గాజు పెంకులు తీసేయాలి. పొడి ఇసుక జారుతుంది, కాబట్టి కొద్దిగా నీళ్లు చల్లి తొక్కండి. రోజూ మొదలుపెట్టే ముందు పారతో పైపొర తిరగేసి చూడాలి, రాత్రి కుక్కలు తవ్వి ఉంటాయి. కృష్ణ ఒడ్డు ఇసుక తిన్నెల మీద చేయాలనుకుంటే తవ్వకాల గోతులకు దూరంగా, నీటికి దూరంగా, సమతలంగా ఉన్న చోటు చూసుకోండి.

ఇసుక కుదరకపోతే వరిగడ్డి. అడుగున్నర ఎత్తున పరిచి, పైన టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా మేకులు కొట్టి, అరగంట తొక్కితే అర అడుగు మందానికి దిగుతుంది. పాత లారీ టార్పాలిన్ ఆటోనగర్‌లో దొరుకుతుంది. గడ్డి వారానికి చదునై గట్టిపడుతుంది, అప్పుడు తిరగేయాలి. వానకు తడిస్తే ఎండబెట్టకుండా వాడొద్దు. వాడే ముందు ప్రతిసారీ కర్రతో తిరగేయండి. వరిగడ్డి కింద తేళ్లు, పాములు చేరడం మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మేడ మీద తప్ప చోటు లేనివాళ్లు నాలుగంగుళాల కొబ్బరి పీచు పరుపు మీద గోనె సంచులు పరిచి, నేల స్థాయి రోల్స్ వరకే చేయాలి. సిమెంటు మీద బల్ల పెట్టి దూకకూడదు. మేడ అంచుకు దగ్గరగా అసలే వద్దు.

ఇక రోల్. కుడి పక్కకు చెప్తున్నాం, ఎడమకు ఇదే తిరగేసి చేయండి.

మొదటి మెట్టు, నిలబడే తీరు. పాదాలు రెండూ అంటుకుని, మోకాళ్లు అంటుకుని కొద్దిగా వంగి ఉండాలి. పాదం నేలకు సమాంతరం. మడమ ఒక్కటే ముందుగా తగిలితే దెబ్బ నేరుగా వెన్నెముకకు పోతుంది. చేతులు తల పైన లిఫ్ట్ వెబ్‌లు పట్టుకున్నట్టు, మోచేతులు ముఖం ముందు దగ్గరగా. గడ్డం ఛాతీకి. చూపు దూరంగా, కిందికి కాదు.

రెండో మెట్టు, గుడ్డ ముక్కలు. చేతి రుమాలు మడిచి మోకాళ్ల మధ్య ఒకటి, చీలమండల మధ్య ఒకటి, గడ్డం కింద ఒకటి పెట్టుకోండి. రోల్ పూర్తయ్యేదాకా మూడూ జారకూడదు. ఏది జారితే తప్పు అక్కడుంది. చెప్పేవాళ్లు లేని చోట ఇన్‌స్ట్రక్టర్ పని సగం ఈ మూడు రుమాళ్లే చేస్తాయి.

మూడో మెట్టు, కూర్చున్న స్థితి నుంచి. గొంతుక్కూర్చుని, మోకాళ్లను కొద్దిగా ఎడమకు తిప్పుతూ కుడి పక్కకు ఒరగండి. నేల తగలాల్సిన వరస: పాదాలు, కుడి పిక్క పక్క భాగం, కుడి తొడ పక్క భాగం, పిరుదు, అక్కడి నుంచి కుడి చంక కింద వీపు పక్క. అప్పుడు కాళ్లు రెండూ కలిసే గాల్లోకి లేచి ఎడమ పక్కకు వచ్చి పడాలి. ఒళ్లు విల్లులా వంగి ఉంటే ఒక చోట నుంచి ఇంకో చోటికి దెబ్బ సాఫీగా పోతుంది. నిటారుగా ఉంటే పిరుదు మీద ఒక్కసారిగా కూలబడతారు.

నాలుగో మెట్టు, నిలబడి. ఐదో మెట్టు, అడుగు ఎత్తు బల్ల మీంచి. ఆరోది, 2 అడుగుల నుంచి. ఒక మెట్టులో వరుసగా 10 రోల్స్ రుమాలు జారకుండా వస్తేనే తర్వాతి మెట్టు. రోజుకు 25 మించొద్దు, వారానికి మూడు రోజులే. అలసిన కాళ్లు విడిపోతాయి, విడిపోయిన కాళ్లతో చేసిన ప్రతి రోల్ తప్పు అలవాటును గట్టిపరుస్తుంది. కుడి, ఎడమ, ముందుకు, వెనక్కు అన్నీ చేయాలి. ఎందుకంటే గాలి ఎటు తోస్తే అటే దొర్లాలి, మీకు సులువైన వైపు కాదు. ముందుకు, వెనక్కు పడేటప్పుడూ చివరి క్షణంలో ఒళ్లు పక్కకు తిప్పి పిక్క, తొడ మీదికే తేవాలి. వెనక్కి రోల్ చివరగా నేర్చుకోండి, తల వెనక భాగం కొట్టుకునేది అందులోనే.

తరచూ వచ్చే తప్పులు, వాటి కారణాలు:

కాళ్లు విడిపోవడం. నేల దగ్గర పడుతుంటే ఒక కాలు ముందుగా చాపి అందుకోవాలని ఒంటికి అనిపిస్తుంది. కిందికి చూస్తే ఇది తప్పక జరుగుతుంది. ఆ ఒక్క కాలి మీదే ఒంటి బరువంతా పడుతుంది. అందుకే చూపు దూరంగా ఉన్న చెట్టు మీదో స్తంభం మీదో నిలపమనేది.

కాళ్లు పైకి ముడుచుకోవడం. భయంతో జరిగేది. పాదాల బదులు తోక ఎముక నేలను కొడుతుంది.

చేయి నేలకు ఆనించడం. మణికట్టు, మోచేయి, కాలర్ బోన్ విరిగేది ఇలాగే. మీ వేళ్లు ఒక టవల్‌ను పట్టుకుని ఉంటే ఈ అలవాటు త్వరగా పోతుంది.

మోకాళ్లు బిగబట్టడం. దెబ్బను పీల్చుకోవాల్సిన కీలు తాళం పడుతుంది.

స్నేహితుడితో ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయించండి, కెమెరా నడుము ఎత్తులో, పక్క నుంచి. మూడు చోట్ల ఆపి చూడండి: పాదం తాకిన క్షణం, పిరుదు తాకిన క్షణం, కాళ్లు గాల్లో ఉన్న క్షణం. మూడింటిలోనూ మోకాళ్ల మధ్య సందు కనపడకూడదు.

చీలమండ మెలిపడితే ఆ రోజు ఆపండి. ఐస్ గుడ్డలో చుట్టి 15 నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో. నాలుగడుగులు వేయలేకపోతే, లేదా ఎముక మీద నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. నూనె రాసి మర్దన చేయించకండి, వాపు పెరుగుతుంది. ఆ దెబ్బ సంగతి మెడికల్‌లో దాచొద్దు. దాచిన బెణుకు ఆగ్రాలో రెండో రోజు రోల్స్‌లో బయటపడుతుంది, అప్పుడు కోర్సు నుంచే తిరిగి రావాలి.

హార్నెస్ లేకుండా, తలుపు లేకుండా

తాళ్లతో హార్నెస్ కట్టుకుని చెట్టుకు వేలాడటం ప్రమాదం. ముడి జారితే పడతారు. జారకపోయినా తొడల దగ్గర బిగుసుకుని రక్తం ఆడదు, కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. దాని బదులు పుల్అప్ బార్‌కు భుజాల ఎడంలో రెండు వెడల్పాటి నైలాన్ పట్టీలు కట్టండి. లారీ సరుకు బిగించే పట్టీలు సరిపోతాయి. కింద మీ పాదాలు నేల మీదే ఉండాలి. ఆ పట్టీలే మీ లిఫ్ట్ వెబ్‌లు.

వాటితో చేయాల్సినవి ఇవి. "ఒక వెయ్యి, రెండు వేలు, మూడు వేలు" అని గట్టిగా లెక్కపెట్టి, తల ఎత్తి గొడుగు చూడాలి. ఎడమ, కుడి, వెనక చూసి దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమో గమనించాలి. తాళ్లు మెలిపడ్డాయనుకుని రెండు పట్టీలనూ బయటికి విడదీసి లాగుతూ, మెలి విడిపోయే వైపుకు కాళ్లతో తన్నాలి. నేల మీది పొగనో, ఊగే కొమ్మనో చూసి ఎటు కొట్టుకుపోతున్నారో చెప్పాలి. ఆ తర్వాత పాదాలు, మోకాళ్లు జోడించి దిగే భంగిమ. ఈ వరసను ఆలోచించకుండా చెప్పగలిగేదాకా, చేయగలిగేదాకా రోజూ 10 సార్లు. గాల్లో మీకున్నది ఆ ఒక్క నిమిషమే.

చేతుల బలానికి అదే బార్ మీద పుల్అప్స్. రానివాళ్లు టవల్‌ను స్తంభానికి చుట్టి వెనక్కి ఒరిగి లాక్కోవడంతో మొదలుపెట్టండి.

విమానం తలుపుకు అడుగు ఎత్తు గట్టు చాలు. నేల మీద సుద్దతో తలుపు వెడల్పు గీయండి. ఎర్ర దీపానికి సిద్ధం, పచ్చ దీపానికి దూకడం. స్నేహితుడు ఎర్ర గుడ్డ, పచ్చ గుడ్డ చూపిస్తే సరిపోతుంది. పచ్చ కనపడగానే ఆగకుండా ఒక్క ఊపులో బయటికి వెళ్లాలి. గాల్లోకి వెళ్లిన క్షణం నుంచే కాళ్లు జోడు, గడ్డం కిందికి, మోచేతులు ఒంటికి, చేతులు పొట్ట మీది రిజర్వ్ పారాచూట్‌కు రెండు పక్కలా. తలుపు దగ్గర తటపటాయించి వదులుగా బయటపడితే ఒళ్లు గింగిరాలు తిరుగుతుంది, తాళ్లు మెలిపడతాయి. అందుకని ఈ చిన్న గట్టు సాధనను తేలిగ్గా చూడకండి. రిజర్వ్ బదులు చిన్న దిండును పొట్ట మీద కట్టుకోండి, చేతులు ఎక్కడుండాలో తెలిసిపోతుంది.

ఆదేశాలు హిందీలో వినపడతాయి. పైర్ (పాదం), ఘుట్నా (మోకాలు), కోహ్నీ (మోచేయి), ఠోడీ (గడ్డం), దాయే (కుడి), బాయే (ఎడమ), ఆగే (ముందుకు), పీఛే (వెనక్కి): ఇవి వినగానే ఒళ్లు కదలాలి. సాధనలో స్నేహితుడు ఈ మాటలతోనే అరవాలి. దాయే, బాయే దగ్గర తడబడేవాళ్లు చాలామంది.

ప్రధాన, రిజర్వ్ పారాచూట్లు కలిపి 20 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు పేర్చండి. ఐదు సీసాలు అంటే 10 కిలోలు. వాటితో 3 కిలోమీటర్ల నడక మొదలుపెట్టి, ఆరో వారానికి 15 కిలోలతో 5 కిలోమీటర్లకు తీసుకెళ్లండి. బరువుతో దూకడం, దొర్లడం వద్దు.

దిగాక గాలి గొడుగును ఈడ్చుకుపోతుంది. కింది వైపు తాళ్లను చేతి మీద చేయి వేసి లాక్కోవాలి, లేచి పరుగున గొడుగు అవతలి వైపుకు చేరాలి. దీనికి 10 మీటర్ల తాడు కొసన 15 కిలోల ఇసుక సంచి కట్టి, వెల్లకిలా పడుకుని లాక్కోండి. ఐదు సార్లు చేస్తే ముంజేతులు మండుతాయి.

చివరి వారం బల్ల మీంచి దూకడాలు పూర్తిగా ఆపేయండి. నడక, చీలమండ వ్యాయామాలు, లెక్కపెట్టే వరస మాత్రమే ఉంచండి.

చలి, కాగితాలు, రైలు

డిసెంబర్, జనవరిల్లో వెళ్లేవాళ్లు మన చలి లెక్కలు వదిలేయాలి. ఆగ్రాలో రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, పొగమంచు దట్టంగా ఉంటుంది. లోపల వేసుకునే ఉన్ని జత రెండు, ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు, టోపీ, చేతి తొడుగులు, వ్యాజిలైన్ ఉండాలి. మే, జూన్ అయితే అక్కడి వేడి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే తెలియదు, నీళ్లు లెక్కపెట్టి తాగాలి.

మెడికల్ సర్టిఫికెట్, ఐడీ కార్డు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం, యూనిట్ ఇచ్చిన ఆర్డరు: అసలు ఒక కవర్లో, నకళ్లు రెండు జతలు వేరే సంచిలో. ఎన్‌సీసీ గుంటూరు గ్రూప్ కింద ఉన్న బెటాలియన్ల క్యాడెట్లు సంతకాల కోసం చివరి రెండు రోజులు పెట్టుకోకండి. విజయవాడ నుంచి జీటీ, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. గుంటూరు వాళ్లు విజయవాడ వచ్చి ఎక్కడమే సులువు. అంతసేపు కూర్చుంటే చీలమండలు బిగుసుకుంటాయి, రెండు గంటలకోసారి లేచి బోగీలో నడవండి. బూట్లు సంచిలో పెట్టకుండా వేసుకునే వెళ్లండి. సంచి పోయినా బూట్లు మిగులుతాయి.

ఆడపిల్లల ఇళ్లలో ఈ కోర్సు పేరు వింటే వెనకాడతారు. మన దేశపు తొలి మహిళా పారాట్రూపర్ ఫ్లైట్ లెఫ్టినెంట్ గీతా చంద ఆగ్రాలో జంప్ చేసింది 1959లో. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ సంవత్సరం చెప్పండి, శిక్షణ వరస కూడా వివరించండి.

ఆగ్రా చేరాక ఏదైనా లేదని తేలితే

బూటు సోలు ఊడింది, లేసు తెగింది, ఇచ్చిన హెల్మెట్ వదులుగా ఉంది, గడ్డం పట్టీ సరిగా పట్టడం లేదు. ఇలాంటివి జరుగుతాయి. కోర్సు నుంచి తీసేస్తారేమోనని నోరు మెదపకుండా సర్దుకోవడమే అన్నిటికంటే చెడ్డ పని. సమస్య కనపడిన పూటే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పండి. నేల మీది శిక్షణ రోజుల్లో చెప్తే మార్చడానికి సమయం ఉంటుంది. జంప్ ఉదయం చెప్తే మీ వరస వాయిదా పడవచ్చు, అయినా చెప్పి తీరాలి.

హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాక తలను గట్టిగా అటూ ఇటూ ఊపండి. అది తలతో పాటే తిరగాలి. లోపల రుమాలు కుక్కి వదులు సరిచేయకండి, కుదుపుకు అది జారి కళ్ల మీదికి వస్తుంది. హార్నెస్ తొడ పట్టీలు మెలిపడకుండా చదునుగా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. జేబుల్లో పెన్ను, తాళంచెవి, ఫోన్ ఉండకూడదు. రోల్‌లో అవి తొడలోకి దిగుతాయి. ఉంగరం, మొలతాడుకు కట్టిన తాయెత్తు, మెడలో గొలుసు ముందు రాత్రే తీసి సంచిలో పెట్టండి. పక్కవాడు మీ వెనక చూడాలి, మీరు పక్కవాడి వెనక చూడాలి. మీకు అనుమానం వచ్చిన పట్టీ గానీ పిన్ను గానీ మీ చేత్తో సరిచేయకండి. చేయి ఎత్తి నిలబడండి, సరిచేసేది ఇన్‌స్ట్రక్టరే. ఆయన చూసి సరేనన్న తర్వాతే వరసలో ముందుకు కదలండి.